నూట ఎనభై గంటలు

మంగళవారం పొద్దున పది దాటాక నివెస్ తొలోమియో సిబ్బంది విభాగం కిటికీ ముందు నిలబడి, చేతిలోని కాగితాన్ని ముందు రెండుగా, తర్వాత నాలుగుగా, ఆ తర్వాత ఎనిమిదిగా మడిచింది. ఇక మడత పడనని కాగితం మొరాయించాక విప్పి, అద్దం కిందినుంచి లోపలికి తోసింది. లోపల కూచున్న ఒరియెత్తా దాన్ని అందుకోలేదు. అదే లెక్క ఆవిడ తెర మీద ఎర్రగా కనిపిస్తూనే ఉంది: కావలసిన బోధన నూట ఎనభై గంటలు, నమోదైన బోధన నూట ఇరవై.

ఒరియెత్తా ఆ విశ్వవిద్యాలయంలో ముప్పై రెండేళ్ళుగా ఉంది. రెక్టర్లు మారారు, ఫర్నిచర్ మారింది, ఆవిడ కిటికీలోని సిక్లమెన్ పూలకుండీ మాత్రం మారలేదు. ఎవరికి ఎప్పుడు పెళ్ళయింది, ఎవరు ఎవరి వ్యాసం రాసిపెట్టారు, అన్నీ ఆవిడకి తెలుసు. అయినా నోరు జారదు. నివెస్ అంటే ఆవిడకి ఇష్టమే.

"నూట ఎనభైకి ఒక్క గంట తగ్గినా ఫైలు లోపలికి పోదు. నేను తోసినా పోదు, ఇదేం తలుపా?" అంది ఒరియెత్తా.

నివెస్ గొంతు తగ్గించింది. ఆ అరవై గంటలే కాదు, అంతకన్నా ఎక్కువే తను చెప్పానంది. ప్రొఫెసర్ జులియాని పేరున ఉన్న శీతాకాలపు పాఠాల్లో ముక్కాలు భాగం మూడేళ్ళుగా తనే చెబుతోందని, అది అందరికీ తెలిసిన సంగతేనని అంది.

"నాకు తెలుసు. నీకు తెలుసు. నాలుగో అంతస్తులో కాఫీ మెషీన్‌కి కూడా తెలుసు. దీనికి తెలీదు కదమ్మా," అని ఒరియెత్తా పెన్నుతో తెర అంచు మీద కొట్టింది.

అదీ చిక్కు. కాగితం రోజుల్లో ఈ గొడవ లేదు. ఆకుపచ్చ అట్ట ఉన్న రిజిస్టరు ఒకటి ఉండేది. పాఠం ఎవరు చెప్పినా జూన్ నెలలో ఒక పూట ప్రొఫెసరు కూచుని సంవత్సరం మొత్తానికీ సంతకాలు పెట్టేసేవాడు. సహాయకుడికి ఉద్యోగం ఖాయమయ్యే వంతు వచ్చినప్పుడు విభాగాధిపతి ఒక పేజీ రాసిచ్చేవాడు, ఇతను ఇంత చెప్పాడు, బాగా చెప్పాడు అని. దాంతో పని జరిగిపోయేది. ఇప్పుడు రిజిస్టరు పోర్టల్లోకి వెళ్ళిపోయింది. రాసిచ్చేవాడూ లేడు, అది చదివేవాడూ లేడు. ఏ పాఠానికి ఎవరి పేరుంటే గంటలు వాళ్ళవి.

ఆ పాఠాలకి ప్రొఫెసరు పేరు ఎక్కించింది ఎవరయ్యా అంటే నివెసే. ఆయనకి ఈ కంప్యూటర్ పెట్టెలతో పడదు. పోర్టల్ వచ్చిన కొత్తలో పాస్‌వర్డ్ ఒక చీటీ మీద రాసి, "నువ్వే చూసుకో తల్లీ" అని ఆమె చేతిలో పెట్టాడు. మూడేళ్ళు ఆమె పాఠం చెప్పి వచ్చి, సుద్దపొడి చేతులు కడుక్కుని, ఆయన పేరుతో లోపలికి వెళ్ళి, చెప్పినవారు ఎర్మెతె జులియాని అని నింపింది. పక్కనే 'వేరొకరు చెప్పారు' అన్న చిన్న గడి ఉండేది. దాన్ని నొక్కడం మర్యాద కాదనిపించింది. అక్కడ అందరూ అలాగే చేస్తారు.

దారి ఒక్కటే ఉందని ఒరియెత్తా చెప్పింది. రిజిస్టరు ఎవరిదో వాళ్ళే లోపలికి వెళ్ళి, ఒక్కొక్క పాఠాన్నీ సవరించి, ఇది నేను చెప్పలేదు, ఫలానా ఆమె చెప్పింది అని ప్రకటన ఇవ్వాలి. అలా ఇస్తే కబురు తనంతట తానే సెనేట్‌కి పోతుంది. ప్రొఫెసరు అక్టోబరు ఆఖరున పదవీ విరమణ చేస్తున్నాడు. ఆయనకి ఎమెరిటస్ గౌరవం ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చే బుధవారం అదే సెనేట్ ముందుకు వస్తోంది. పైగా విరమించేవాళ్ళు తమ రిజిస్టర్లను శాశ్వతంగా మూసేయడానికి గడువు కూడా ఈ శుక్రవారమే, మధ్యాహ్నం పన్నెండు. మూశాక సవరణ ఉండదు.

నివెస్‌కి నలభై ఒకటి. పద్నాలుగేళ్ళుగా ఒక కాంట్రాక్టు మీదనుంచి ఇంకో కాంట్రాక్టు మీదికి దూకుతూ వచ్చింది. ఇది చివరిది, అక్టోబరు ముప్పై ఒకటితో సరి. శుక్రవారం పన్నెండు లోపల ఫైలు చేరితే, మూల్యాంకనం అయ్యాక శాశ్వత ఉద్యోగం. చేరకపోతే పోస్టు బహిరంగ పోటీకి పోతుంది, దేశం నలుమూలలనుంచీ ముప్పై మంది వచ్చి పడతారు, ఆ ముప్పైలో తనూ ఒకతె.

"ఆయన పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంది," అంది నివెస్ మెల్లగా.

ఒరియెత్తా చెయ్యెత్తింది. "నేను వినలేదు," అని, పక్కనున్న గ్లాసులో నీళ్ళు సిక్లమెన్ కుండీలో పోసింది.

*

ప్రొఫెసర్ ఎర్మెతె జులియాని గది నాలుగో అంతస్తు చివర. బుధవారం ఆమె వెళ్ళేసరికి ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, బీరువాలోని పుస్తకాలు అట్టపెట్టెల్లోకి సర్దుతున్నాడు. సగం పెట్టెల మీద 'ఇంటికి' అని, సగం మీద 'ఇక్కడే' అని రాసి ఉంది. కిటికీ గట్టు మీద ఆయన చేత్తో చేసిన చెక్క వంతెన నమూనాలు వరసగా ఉన్నాయి. వాటి దుమ్ము దులపడం ఎవరికీ అప్పగించడు.

ఆయన చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నివెస్ పని తేలికయ్యేది. దూలం మీద బరువు పెడితే దాని లోపల ఏం జరుగుతుందో ఆమె కళ్ళకి కనిపించేలా చెప్పింది ఆయనే. ఆమె మొదటి వ్యాసాన్ని పదకొండుసార్లు దిద్ది, చివరికి తన పేరు తీసేసి ఆమె పేరే ఉంచిందీ ఆయనే. అయితే పాఠాల వేళకి ఎక్కడో ఒక వంతెన కమిటీ, ఎక్కడో ఒక కోర్టు సలహా, నడుము నొప్పి, ఏదో ఒకటి ఉండేది. పొద్దున ఎనిమిదికి ఫోన్ మోగేది. "నివెస్, ఇవాళ నువ్వు కానిచ్చెయ్" అనేవాడు.

ఆమె సంగతి చెప్పింది. ఆయన నవ్వాడు. ఇంతేనా అన్నట్టు కుర్చీలో కూచుని, విశ్వవిద్యాలయం ముద్ర ఉన్న కాగితం తీసి, సిరా పెన్నుతో మూడు నిమిషాల్లో ఉత్తరం రాశాడు. అక్షరాలు కుదురుగా, వాక్యాలు నిండుగా ఉన్నాయి. డాక్టర్ తొలోమియో నా బాధ్యతలో ఉన్న పాఠాల్లో అధిక భాగాన్ని ఆదర్శప్రాయంగా నిర్వహించారు, అని. సంతకం పెట్టి, ఆరేదాకా ఊదాడు.

"ఇది తీసుకెళ్ళి ఇవ్వు. ఎవరైనా అడిగితే నన్ను అడగమను," అన్నాడు.

"ఎవరూ అడగరు ప్రొఫెసర్ గారూ. అడిగే మనిషి లేడక్కడ. ఈ ఉత్తరం పెట్టడానికి చోటు కూడా లేదు," అంది ఆమె.

ఆయనకి అర్థం కాలేదు. ఒక ఉత్తరం ఎక్కడా చెల్లకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి. ఆమె సవరణ సంగతి చెప్పింది, ప్రకటన సంగతి చెప్పింది, కబురు సెనేట్‌కి వెళ్తుందని కూడా దాచకుండా చెప్పింది. చెబుతూ ఆయన మొహం చూడలేక చెక్క వంతెనల వైపు చూసింది.

"ఎన్ని?"

"ముప్పై ఆరు పాఠాలు. డెబ్భై రెండు గంటలు."

"అన్ని పాఠాలా?" అన్నాడు. నమ్మలేదని ఆ గొంతులోనే తెలిసింది.

నివెస్‌కి అప్పుడు కోపం వచ్చింది. నిన్నటినుంచీ దిగమింగుకుంటున్నది ఒక్కసారి పైకి తన్నింది. కాగితం చూడకుండా మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందటి నవంబరు ఎనిమిది, సరళ దూలం. పది, కోత బలాలు. పదిహేను, వంపు బలాలు, ఆ రోజు మైకు పనిచెయ్యలేదు. పదిహేడు, మీరు ఉదినే నగరం వెళ్ళారు. ఇరవై రెండు, ఇరవై నాలుగు. డిసెంబరు ఒకటి, మంచు పడి సగం మందే వచ్చారు. ఆమె గొంతు పెరగలేదు. వేళ్ళు మాత్రం బల్ల అంచు మీద ఒక్కొక్క తేదీకీ ఒక్కొక్కసారి పడుతున్నాయి.

మొదటి సంవత్సరం పూర్తయ్యేసరికి ఆయన చెయ్యి పైకెత్తాడు. "చాలు. ఇవన్నీ నీకెలా గుర్తున్నాయి?"

"ఎందుకు గుర్తుండవు?" అంది నివెస్.

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎమెరిటస్ అయితే ఈ గది ఉంటుంది, తలుపు మీద పేరు ఉంటుంది. 'ఇక్కడే' అని రాసిన పెట్టెలు ఆ నమ్మకంతో సర్దినవి. లేకపోతే అన్నీ ఇంటికే, ఇంట్లో చోటు లేదు. ఆయన ఒక వంతెనని తీసి, తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

"శుక్రవారం దాకా టైముంది కదా," అన్నాడు అటు తిరిగే.

నివెస్ ఆ అందమైన ఉత్తరం తీసుకుని బయటికి వచ్చింది.

*

గురువారం మౌఖిక పరీక్షలు. సెప్టెంబరు ఆఖరి విడత అంటే, రెండుమూడుసార్లు తప్పినవాళ్ళంతా వచ్చే విడత. పొద్దున తొమ్మిదికి రెండో తరగతి గదిలో ఇరవై ఇద్దరు. నివెస్ బోర్డు పక్కన నిలబడింది. ఆమె దగ్గర డాక్టరేట్ చేస్తున్న జెమ్మా మార్కుల జాబితా పట్టుకుని బల్ల దగ్గర కూచుంది. జెమ్మాకి ఇరవై తొమ్మిది. మితభాషి, బస్సులో గంట ప్రయాణం చేసి వస్తుంది, ఏ పని చెప్పినా "సరేనండీ" అంటుంది.

నాలుగో కుర్రవాడు రెండు ఆధారాల మీద దూలం గీశాడు, బరువు బాణాలు గీశాడు, వంపు రేఖని తలకిందులుగా పైకి గీశాడు. ఆ రేఖని దూలం సాగే వైపే గీయాలని అక్కడ మొదటి వారమే నేర్పుతారు. నివెస్ పొడవాటి రూళ్ళకర్ర రెండు చేతులతో పట్టుకుని మోకాలితో మెల్లగా వంచింది.

"ఎటు చిట్లుతుంది?"

"కింద," అన్నాడు వాడు. అని, తనే చెరిపి కిందికి గీశాడు.

వాడి రేఖ వంకరపోయింది. నివెస్ సుద్దముక్క తీసుకుని దిద్దబోయేసరికి కుడి మణికట్టు కలుక్కుమంది. ఏప్రిల్‌లో సైకిల్ మీదనుంచి పడి విరిగిన చోటు అది. నెల పైన కట్టుంది, ఇప్పటికీ ఒంపు గీతలు గీసేటప్పుడు గుర్తుచేస్తుంది. జెమ్మా లేచి వచ్చి సుద్ద అందుకుని, ఒక్క ఊపులో రేఖ గీసి వెళ్ళి కూచుంది.

"ఇరవై మూడు. ఒప్పుకుంటారా?" అని అడిగింది నివెస్. వాడు ముప్పైకి ఇరవై మూడు ఎక్కడ చేజారుతుందోనని వెంటనే ఒప్పుకున్నాడు.

పరీక్షలు మూడింటికి ముగిశాయి. ప్రొఫెసరు దగ్గరనుంచి కబురేమీ లేదు. నివెస్ నాలుగో అంతస్తుకి వెళ్ళి చూస్తే గది తాళం వేసి ఉంది. ఆయన ఇంటికి ఫోన్ చేసింది. ఆయన భార్య ఎత్తి, ఎర్మెతె నడవడానికి వెళ్ళాడని, ఎప్పుడొస్తాడో చెప్పలేదని అంది. వానలో నడకేమిటో ఆవిడకీ తెలియలేదు. మూసేస్తాడేమో అనుకుంది నివెస్. ఎవరో ఒకరిచేత రిజిస్టరు మూయించేసి, ఆ తర్వాత ఎంతో బాధపడతాడు. ఆ బాధ నిజమైనదే అవుతుంది, అయితే ఏం లాభం?

తన గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసి కంప్యూటర్ ముందు కూచుంది. ఆయన పేరు కొట్టింది. పాస్‌వర్డ్ కొట్టింది, ఆయన మొదటి వంతెన పేరు, కట్టిన సంవత్సరం. బల్ల మీద ఫోన్ గుర్రుమంది. ఆయన కోసం వచ్చే ఆరంకెల కోడ్ మొదటినుంచీ ఆమె ఫోన్‌కే వస్తుంది, ఎందుకంటే అప్పట్లో ఆయన ఫోన్ బొత్తాలది, ఇంట్లో సొరుగులో ఉండేది.

రిజిస్టరు తెరుచుకుంది. నలభై ఐదు వరసలు, అన్నీ ఆమె మాటల్లోనే ఉన్నాయి. ప్రతి వరస చివరా ఎర్మెతె జులియాని. మొదటి దాన్ని తెరిచి 'వేరొకరు చెప్పారు' నొక్కింది. ఖాళీ గడిలో తన పేరు నింపింది. కింద ప్రకటన వచ్చింది: నేను, ఎర్మెతె జులియాని, పూర్తి బాధ్యతతో తెలియజేయునది ఏమనగా.

వరసకి రెండు నిమిషాలు, ముప్పై ఆరు వరసలు. గంటా పన్నెండు నిమిషాల్లో పనైపోతుంది. ఎవరికీ తెలియదు, ప్రొఫెసరుకి సెనేట్ దాకా తెలియదు. పోనీ ఇందులో అబద్ధం ఉందా అంటే లేదు. ఒక్కొక్క మాటా నిజమే. ఆయన పేరుతో అబద్ధాలు రాసినప్పుడు ఒక్కసారైనా తడుముకోని చెయ్యి, ఇప్పుడు నిజం రాయబోతే బిగుసుకుపోయింది. ఆయనకి చెప్పకుండా ఆయన నోటితో ఆయన తప్పు ఒప్పించడమేమిటి? దొంగతనం అంటారు దాన్ని. అలా అనుకుంది, అనుకుంటూనే బాణం గుర్తుని 'నిర్ధారించు' మీదికి జరిపింది.

తలుపు చప్పుడైంది. నివెస్ ఉలిక్కిపడి తెరకి అడ్డంగా జరిగింది.

జెమ్మా. సంతకాలు కావలసిన జాబితా తెచ్చింది. పెడుతుంటే నివెస్ మణికట్టు వైపే చూస్తూ నిలబడింది.

"ఇంకా నొప్పేనా అండీ? నవంబరులో కావాలంటే నేను తీసుకుంటాను క్లాసులు. ఏప్రిల్లో తీసుకున్నట్టే."

"చూద్దాం. థాంక్స్ జెమ్మా," అంది నివెస్, ఎప్పుడు వెళ్తుందా అని. జెమ్మా జాబితా తీసుకుని వెళ్ళిపోయింది.

తిరిగి చూసేసరికి తెర మీద ఒక్క వాక్యం ఉంది. సమయం మించిపోయింది, మళ్ళీ ప్రవేశించండి. నివెస్ మళ్ళీ ప్రవేశించలేదు. గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

*

శుక్రవారం పదకొండుకి ఐదు నిమిషాలు ఉందనగా ఆమె ఫోన్ గుర్రుమంది. ఆరంకెల కోడ్. ఎర్మెతె జులియాని ప్రవేశం కోసం, అని ఉంది.

ఆమె అడగలేదు. ఆమె కంప్యూటర్ కూడా తెరవలేదు. అంటే ఎక్కడో ఎవరో ఆయన పేరుతో లోపలికి వెళ్ళబోతున్నారు. ఆ కోడ్‌కి గడువు తీరిపోయింది. నిమిషంలో ఇంకోటి వచ్చింది. ఆ వెంటనే ఫోన్ మోగింది, సిబ్బంది విభాగం నంబరు.

"నివెస్," అన్నాడు ప్రొఫెసరు. "నేను ఒరియెత్తా దగ్గరున్నాను. ఏవో ఆరంకెలు వస్తాయంట. నా ఫోన్‌కేం రావట్లేదు."

"నాకొచ్చాయి."

"నీకెందుకొచ్చాయి?"

"మొదట్నించీ నాకే వస్తాయి ప్రొఫెసర్ గారూ."

అవతల కిటికీ దగ్గర ఎవరో తుమ్మడం వినిపించింది. ఆయన వచ్చింది సవరించడానికా, శాశ్వతంగా మూసేయడానికా? అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయన చెబుతాడు. మూసేయడానికని చెబితే ఈ ఆరంకెలు తను ఇవ్వకపోవచ్చు, నా దగ్గర లేవు, పోయాయి అనవచ్చు. పద్నాలుగేళ్ళ బతుకు ఆ ఆరంకెల్లో ఉంది. కానీ అవి ఆయనవి.

"చదువు," అన్నాడు ఆయన.

చదివింది. ఒక్కొక్క అంకెనీ విడదీసి, వినపడిందా అని అడిగి మరీ చదివింది. ఫోన్ పెట్టేశాక కూచోలేక మెట్లమీదనుంచి పరుగులాంటి నడకతో దిగింది.

ఒరియెత్తా ఆయన్ని లోపలికి పిలిచి, తన పక్కన కుర్చీ వేసి కూచోబెట్టింది. ముప్పై రెండేళ్ళలో ఆ కిటికీకి అటువైపు ఏ ప్రొఫెసరూ కూచోలేదు. ఆయన కళ్ళజోడు ముక్కు చివరికి లాక్కుని, కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితో అక్షరాలు వెతికి వెతికి కొడుతున్నాడు. తొ. లో. మి. యో. అద్దంలోంచి నివెస్ ఆ పేరు తెర మీద ఒక్కొక్క అక్షరంగా పుట్టడం చూసింది. అలాగే గోడకి ఆనుకుంది.

"లోపలికి రా, నిలబడ్డావేం?" అంది ఒరియెత్తా. "మీ సారు ఇదే వేగంతో కొడితే క్రిస్మస్‌కి పూర్తవుతుంది. పేర్లు నేను నింపుతున్నా, ప్రకటన బొత్తాం ఆయనే నొక్కుతున్నాడు."

ఏ పాఠాలు ఎవరివో ఎలా తెలిసిందని నివెస్ అడిగింది. ఆయన తల తిప్పకుండానే జేబులోంచి ఒక చీటీ తీసి చూపించాడు. అందులో తొమ్మిది తేదీలున్నాయి.

"నీవి గుర్తుపెట్టుకోవడం నా వల్ల కాలేదు. నావి రాసుకుందామని నిన్న వానలో తిరిగాను. పదైనా అవుతాయేమో అనుకున్నా. తొమ్మిదే."

ఒరియెత్తా గొంతు సవరించుకుని, ఇదంతా సెనేట్‌కి పోతుందని మరోసారి గుర్తుచేసింది. పోనీ అన్నాడు ఆయన. ఆ వంతెనలు మాత్రం ఎవరైనా ఉంచుకుంటే బాగుండునని కూడా అన్నాడు. తర్వాత మళ్ళీ వేలు ఎత్తి బొత్తాం నొక్కాడు.

పదకొండు ముప్పై ఎనిమిదికి ముప్పై ఆరో పాఠం అయిపోయింది. తెర మీద నూట ఇరవై కాస్తా నూట తొంభై రెండు అయి, ఎరుపు ఆకుపచ్చగా మారింది. నివెస్ ప్రొఫెసరు చెయ్యి పట్టుకుంది. ఆయన ఆమె చెయ్యి ఒకసారి నొక్కి వదిలాడు.

"ఇంకొక్క పని," అంది ఒరియెత్తా. కొత్త గంటలు వచ్చి చేరాయి కాబట్టి నివెస్ తన రిజిస్టరుని మళ్ళీ తనే మూసి, ప్రకటన ఇవ్వాలి. ఆ తర్వాత ఫైలు పంపెయ్యడమే. ఆవిడ కుర్చీ ఖాళీ చేసి ఇచ్చింది. నివెస్ తన పేరుతో ప్రవేశించింది.

నేను, నివెస్ తొలోమియో, ఈ కింది పాఠాలన్నీ నేనే స్వయంగా చెప్పానని పూర్తి బాధ్యతతో తెలియజేయునది.

"చదువుకుని నొక్కు," అన్నాడు ప్రొఫెసరు వెనకనుంచి. "చదవకుండా నొక్కితే ఏమవుతుందో నన్ను చూశావుగా."

ఆయన సరదాకే అన్నాడు. నివెస్ కూడా నవ్వుతూనే వరసలు కిందికి జరిపింది. మొదటి సంవత్సరం, రెండో సంవత్సరం. ఈ ఏడాది మార్చి. ఏప్రిల్ ఎనిమిది, పొద్దున తొమ్మిదింటినుంచి పదకొండింటిదాకా, త్రిభుజాల చట్రాలు, కీళ్ళ పద్ధతి. చెప్పినవారు: నివెస్ తొలోమియో.

ఆమె చెయ్యి ఆగింది.

ఏప్రిల్ ఎనిమిదిన ఆమె చేతికి కట్టుంది. సుద్ద పట్టుకోలేక ఇంట్లో కూచుంది. పాఠం చెప్పి బస్సెక్కాక జెమ్మా, ఇవాళ ఇంతవరకూ అయిందండీ అని కబురు పంపేది. నివెస్ ఆ కబురులోని మాటల్నే తీసి, ఎడమచేతి వేలు ఒక్కదానితో వెతికి వెతికి కొట్టి, కింద తన పేరు పెట్టుకునేది. ఆ చిన్న గడి అప్పుడూ పక్కనే ఉంది. జెమ్మా ఏమీ అనలేదు. ఏమంటుంది? తను మాత్రం మూడేళ్ళు ఏమన్నది గనక? గురివింద గింజకి తన నలుపు ఇవాళ కనపడింది.

ఆ నెలంతా కలిపి ఏడు పాఠాలు, పద్నాలుగు గంటలు. నూట తొంభై రెండులోంచి పద్నాలుగు పోతే నూట డెబ్భై ఎనిమిది. ఆ తీసివేత ఆమె రెండుసార్లు చేసింది. రెండుసార్లూ రెండు గంటలు తక్కువే వచ్చాయి.

గోడ గడియారం పదకొండు నలభై నాలుగు చూపిస్తోంది. ప్రొఫెసరు కోటు తొడుక్కుంటున్నాడు. ఒరియెత్తా మాత్రం నివెస్ మొహం చూసింది, ఆమె చెయ్యి ఏ వరస మీద ఆగిందో చూసింది. ఏప్రిల్లో నివెస్ మెడికల్ సర్టిఫికెట్ తీసుకుని ఫైల్లో పెట్టింది ఆవిడే.

"నేను కాఫీకి పోతున్నా," అంది ఒరియెత్తా. "పన్నెండింటిదాకా రాను. నువ్వేం నొక్కావో నేను చూడలేదు, చూడను." ప్రొఫెసరుని కూడా భుజం పట్టుకుని బయటికి నడిపించింది. తలుపు మూసుకుంది.

గదిలో సిక్లమెన్ కుండీ, కంప్యూటర్ చప్పుడు, నివెస్. ఎవరూ సరిచూడరు. ఒక్కసారి నొక్కితే ఫైలు పోతుంది, ఉద్యోగం వస్తుంది. ఉద్యోగం వచ్చాక జెమ్మాకి ఎంతైనా చెయ్యవచ్చు. మంచి ఉత్తరం రాసివ్వవచ్చు, కుదురైన అక్షరాలతో. ఆ ఆలోచన రాగానే నివెస్ మౌస్ మీదనుంచి చెయ్యి తీసేసింది. బ్యాగ్‌లోంచి ఫోన్ తీయబోతే ప్రొఫెసరు ఉత్తరం కూడా చేతికి తగిలి బయటికి వచ్చింది. దాన్ని వెనక్కి తిప్పి, తెల్లటి వైపు పైకి పెట్టి, పెన్ను మూత తీసి, జెమ్మాకి ఫోన్ చేసింది.

ఇంజను మోత, ఎవరివో మాటలు. "చెప్పండి," అంది జెమ్మా.

"జెమ్మా, ఏప్రిల్లో నా బదులు నువ్వు చెప్పిన క్లాసులున్నాయి కదా. అవి నీ పేరు మీదికి మార్చాలి. తేదీలు నా దగ్గర సరిగ్గా ఉన్నాయో లేదో. ఎక్కడైనా రాసుకుని ఉంటే, ఇంటికెళ్ళాక కాదు, ఇప్పుడే..."

"ఏప్రిల్ ఎనిమిది," అంది జెమ్మా. "కీళ్ళ పద్ధతి. పది, కోత పద్ధతి. పదిహేను, ఆ రోజు ప్రొజెక్టర్ పాడైంది, అంతా బోర్డు మీదే చెప్పాను. ఇరవై నాలుగు. ఇరవై తొమ్మిది. మే ఆరు. మే ఎనిమిది, అరవై ఒక్కమంది వచ్చారు."

నివెస్ అన్నీ రాసుకుంది. ఏడో తేదీ కింద గీత గీసేటప్పుడు మణికట్టు కలుక్కుమంది.

"ఎందులో చూసి చెప్తున్నావు?" అని అడిగింది.

"ఏమీ చూడట్లేదండీ," అంది జెమ్మా. "బస్సులో నిలబడి ఉన్నాను."